పిల్లి కోసం కట్టిన తాడు

ముందే చెప్పుకుంటున్నాను. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. వత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపడితే మీరే ఎత్తి పెట్టుకుని చదవండి. రాయడం నత్తనడక. ఒక గీత మీద మొదలుపెట్టిన మాట పక్క గీత మీదికి దిగిపోతుంటుంది. కోప్పడకండి.

"ఇక నావల్ల కాదు మావయ్యా! ఈ ఇంట్లో ఆ పిల్లి అయినా ఉండాలి, నేనైనా ఉండాలి!"

కోడలి చేతిలో బడి పెద్దమాస్టారి కోటు గుడ్డ. కత్తిరించి బల్ల మీద పరిచి, అలా వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి దాని మీద గ్లాసెడు టీ ఒలికి ఉంది.

మామగారు కుట్టుమిషను ముందు నుంచి కదల్లేదు. ఆయన ఒళ్లో ముసలి పిల్లి. పేరు బాబిన్, మిషనులో దారం చుట్టే చిన్న చక్రం పేరే. పదిహేడేళ్లది. కళ్లు రెండూ పాలగుండీల్లా తెల్లబడి ఏడాది దాటింది.

"గుడ్డిది తల్లీ. గ్లాసు కనపడక తోక తగిలించింది. అది మాస్టారి కోటని దానికేం తెలుసు?"

"మొన్న గుండీల డబ్బా బోర్లా పడింది."

"అదీ ఇదే, పాపం."

"అటుమొన్న ఇస్త్రీపెట్టె? నేను రెండు చేతులా ఎత్తితే గానీ లేవదు. అదీ ఇదేనా?"

"ముసల్దయినా ఒంట్లో సత్తువుంది దానికి."

కోడలికి నవ్వు రాబోయింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. "దాన్ని ఇక వెనకేసుకురాకండి మావయ్యా. మూగజీవాల ఆశ్రమం నడిపే ఆమెకి ఫోన్ చేశాను. వచ్చి తీసుకెళ్తుంది."

పిల్లి వీపు నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఉన్నవి రెండే గదులు. ముందుది షాపు, వెనకది ఇల్లు. బాబిన్‌కి చూపు పోయిన దగ్గర్నుంచి మామగారు పెట్టిన చట్టాలు అన్నీ ఇన్నీ కావు. బల్ల అంగుళం జరగకూడదు. కత్తెర బల్లకి కుడి అంచునే ఉండాలి. స్టూలు గుమ్మం పక్క నుంచి కదలకూడదు. అవి చాలవన్నట్టు మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా, అక్కణ్ణుంచి మిషను దాకా గోడ పొడవునా మేకులు కొట్టి తాడు కట్టారు. మలుపు మలుపుకీ ఒక ముడి. "మూగజీవం, దారి తెలియాలిగా" అన్నారు.

కోడలు గుడ్డని జాడించి తెచ్చి ఆ తాడు మీదే ఆరేసింది.

"కొత్త చోట అది అడుగు తీసి అడుగు వెయ్యలేదమ్మాయ్" అన్నారు మామగారు. "ఈ గదంతా దాని బుర్రలో ఉంది. ఇక్కణ్ణుంచి తీసేస్తే, ఎవరు ఏ మూల కూర్చోబెడితే ఆ మూలే దాని లోకం."

కోడలి మనసు చివుక్కుమంది.

"నాకు మాత్రం జాలి లేదా మావయ్యా? ఇంకో కోటు ఇలా అయిందంటే మన గడప తొక్కేదెవరు? ఈ షాపు తప్ప మనిద్దరికీ ఏముంది?"

ఇంతలో పోస్ట్‌మాన్ చొక్కా కొలతలకి వచ్చాడు. మామగారు లేచి అతని ఛాతీ చుట్టూ టేపు తిప్పి, కొస దగ్గర గోటితో నొక్కి పట్టారు.

"అమ్మాయ్, చదువు."

"ముప్పై... ముప్పై ఎనిమిది."

"శభాష్! చూశావటోయ్ మా కోడల్ని? ఏడాదిలో అంకెలు కొట్టిన పిండి. ఇప్పుడు అక్షరాల మీద పడింది."

ఏడాదిగా ఇదే వరస. ప్రతి కొలతా ఆమే చదవాలి, ఆమే రాయాలి. సూదిలో దారం కూడా ఆమే ఎక్కించాలి. "నా చేతులకి పిల్లి బొచ్చు" అంటారాయన.

పోస్ట్‌మాన్ వెళ్లిన కాసేపటికి ఆశ్రమం ఆమె మూత ఉన్న బుట్టతో వచ్చింది. బాబిన్ కళ్లు చూసింది, కాళ్లు నొక్కి చూసింది, నేల మీద వదిలింది. బాబిన్ ఒకసారి గాలి పీల్చి, స్టూలు పక్కనుంచి తిరిగి, బల్ల కింద నుంచి దూరి, గోడ వారగా నడిచి తన నీళ్లగిన్నె దగ్గరికి చేరింది. ఎక్కడా తగల్లేదు.

"దీనికేమమ్మా, దివ్యంగా ఉంది! మీసాలే దీనికి కళ్లు. ఇంతకీ ఏం చేసిందన్నారు?"

"బల్లెక్కి టీ గ్లాసు తన్నేసిందండీ."

"ఇదా? కీళ్లు బిగిసిపోయాయి. ఇది బల్లెక్కి ఏడాదైనా అయి ఉంటుంది."

కోడలు తెల్లబోయింది. "మరి... ఆ తాడు ఒరుసుకుంటూ ఇల్లంతా తిరుగుతుందిగా. మావయ్య దీనికోసమే కట్టారు."

ఆశ్రమం ఆమె తాడు కేసి చూసింది. నీళ్లు తాగుతున్న పిల్లి కేసి చూసింది.

"పిల్లి జానెడే కదమ్మా. తాడు నా నడుమెత్తున ఉందేంటి?"

కోడలు మామగారి వైపు తిరిగింది. ఆయన వేళ్లు గోడ తడుముతూ వెళ్లి తాడు ముడిని పట్టుకున్నాయి.

కోడలు వెళ్లి, తాడుకి అడ్డంగా తను ఆరేసిన కోటు గుడ్డ తీసేసింది.

ఇట్లు,
అందరూ పిలిచే పేరు కాజాలమ్మ. డెబ్బై రెండేళ్లు. ఇప్పటికీ ఆ కుట్టుషాపు వెనక గదిలోనే ఉంటున్నాను. బాబిన్ లేదు, మావయ్యా లేరు. తాడు మాత్రం విప్పలేదు. ఈమధ్య నాకు పనికొస్తోంది.