గాలి రాయమల్లు

"అత్తా, మామ మళ్ల ఉరికిండు!"

రమ చేతికి జొన్నపిండి ఇంకా అంటుకునే ఉంది. మబ్బు పట్టగానే బయటి తలుపుకు గొళ్లెం పెట్టింది కూడా. పెట్టి ఏం లాభం? డెబ్బై దాటిన ముసలాయన గొంగడి చంకన పెట్టుకుని ఇట్టే జారుకున్నాడు.

మంచంలో ఉన్న అత్త కిష్టవ్వ గోడవైపు తిరిగింది. "పోనియ్. ఆయన ఆగడు."

ఇదేం మనిషో రమకు అర్థం కాదు. మొగుడు గాలివానలోకి పరుగెత్తితే మంచం దిగదు.

ఆసిఫాబాద్ దగ్గరి ఆ ఊళ్లో ఆయన పేరే గాలి రాయమల్లు. దుమారం లేచిందా, ఇంట్లో నిలవడు. నలభై ఏళ్ల కింద ఒక సుడిగాలి ఏనుగు తొండంలా నేలకు దిగి ఊరి మీదుగా నడిచిందట. ఆ కథ ఆయన నోట వినని వాళ్లు లేరు.

"ఇంటి కప్పు లేశిపాయె. నాగలి వాగు అవతల దొర్కింది. గంగాళం రెండూర్ల అవతల దున్నిన చేన్ల దొర్కింది. గీ గొంగడి సుత చెట్టు మీద దొర్కింది. గాలి ఏదీ ఉంచుకోదు. ఎన్నడో ఓనాడు దించుతది."

అక్కడికి వచ్చేసరికి ఆగి మంచినీళ్లు అడుగుతాడు. కిష్టవ్వ లేచి లోపలికి పోతుంది.

పాపం, కప్పు మీద పడుతుందని భయం కాబోలు అనుకున్నారంతా. కొడుకు సాగర్ అందుకే దుబాయ్ పోయి, ఎండల్లో మాడి, స్లాబు ఇల్లు కట్టించాడు. "బాపూ, ఇగ ఏ గాలికీ ఫికర్ లేదు" అన్నాడు. గృహప్రవేశమైన వారానికే దుమారం వచ్చింది. రాయమల్లు గొంగడి పట్టుకుని ఉరికాడు. సాగర్ ఏడ్చినంత పని చేశాడు.

"గాలిదేవుని కొడుకు కొండగట్టు మీదనే ఉన్నడు గదా. గా అంజన్నకు మొక్కుండ్రి, తండ్రికి జర నచ్చజెప్తడు" అని పక్కింటి ఐలవ్వ ఎగతాళి.

ఈరోజు ఎగతాళి చేసే గాలి కాదు. రమ గడప దాటగానే కళ్లలో దుమ్ము కొట్టింది. ఐలవ్వ కొట్టం రేకు ఒకటి లేచి ఆమె నెత్తి మీదుగా రయ్యిమని పోయింది. జానెడు కిందికి వచ్చి ఉంటే తల తెగేది. అదే రేకు మామకు తగిలితే? దుబాయ్ నుంచి సాగర్ ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

బడి వరండాలో లేడు. గ్రామపంచాయతీ దగ్గర లేడు. వాన చినుకులు రాళ్లలా తగులుతున్నాయి. రమ తిట్టుకుంటూనే ఉరికింది.

చివరికి పాత ఇల్లు ఉండిన ఖాళీ జాగాలో కనిపించాడు. నడిమధ్య నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు. నిలువునా తడుస్తున్నాడు, అయినా గొంగడి నెత్తిన వేసుకోలేదు. రెండు కొసలు రెండు చేతుల్లో పట్టుకున్నాడు. మిగతాది గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"మామా! పానం మీదికి తెచ్చుకుంటవా? ఇంట్లకు నడువు. స్లాబుండగ ఏం భయం నీకు?"

"కప్పుకు నేనెందుకు భయపడుత బిడ్డా?" ఆయన చూపు దించలేదు. "మంచిగొచ్చినవు. గా రెండు కొసలు నువ్వు పట్టు."

రమకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. కసురుకోబోయింది. గాలికి గొంగడి ఆయన చేతుల్లోంచి జారబోవడం చూసి, ఎగురుతున్న కొసలు పట్టుకుంది. ఇద్దరి మధ్య గొంగడి పరుచుకుంది.

"గట్టిగ పట్టు బిడ్డా," అన్నాడు రాయమల్లు, "నీ ఆడిబిడ్డ, మూడు నెల్ల పిల్ల, ఆనాడు తొట్టెలతోని పైకి పోయి ఇంకా దిగలే, నేనొక్కణ్ణే పడితె జారిపోతది."