రంగు కింద

"బండి ఇవ్వను సార్."

ఆ మాట పూర్తయ్యేలోగా రామనాథ్ కొట్టిన దెబ్బకి మెకానిక్ కోటిలింగం పెదవి చిట్లింది.

పాత బుల్లెట్‌కి ముందు డిస్క్ బ్రేకు, వెనక వెడల్పు సీటు వేయించి, ఆ వేసవి సెలవుల్లో భార్యతో కన్యాకుమారి దాకా వెళ్ళాలని లెక్చరరు రామనాథ్ కోరిక. పనంతా అయిపోయినా నాలుగు రోజులుగా కోటిలింగం తన చుట్టూ తిప్పుకుంటున్నాడు.

"ఛాసిస్ బాగోలేదండీ. ప్రయాణం మానుకోండి."

"ఇన్నేళ్ళూ కనపడలేదా? ఇంకెన్ని పనులు చెబుతావురా?"

కాలరు పట్టుకుని షెడ్డు గోడకేసి కొట్టాడు. కింద పడ్డాక పొట్టలో తన్నాడు. బలిష్ఠుడైన కోటిలింగం చెయ్యెత్తలేదు.

మెల్లగా లేచి పెద్ద సుత్తి అందుకున్నాడు. రామనాథ్ భయంతో తలకి చేతులడ్డం పెట్టుకున్నాడు.

సుత్తి బండి మీద పడింది. హ్యాండిల్ కింది ఛాసిస్ గొట్టం మీద ఒకే ఒక్క దెబ్బ. నల్లరంగు పెచ్చులుగా రాలింది. గొట్టం రెండుగా విడిపోయి, ముందు చక్రం పక్కకి ఒరిగింది. విరిగినచోట తెల్లటి లప్పం, లోపల పాత తుప్పు.

రామనాథ్‌కి తన వెనక కూర్చోవలసిన మనిషి గుర్తొచ్చింది.

"పగులు మీద లప్పం పెట్టి రంగేసిన దొంగ వెధవ ఎవడ్రా?"

కోటిలింగం నోట్లోని రక్తం ఉమ్మేశాడు.

"మీకీ బండి అమ్మింది నేనే కదండీ. మన తిరువూరు దాటించనని అన్నారప్పుడు."