డిక్కీలో దీపం

అక్క అలిగి వెళ్ళిపోయిందని బావ చెప్పిన ఈ నెల రోజుల్లో ఇది మూడో బ్యాటరీ. షెడ్డు మూసే వేళకు కారును మళ్ళీ తోయించుకొచ్చాడు.

"అక్క కబురేమైనా తెలిసిందా బావా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"కోపం చల్లారితే అదే వస్తుంది. ముందు దీని సంగతి చూడరా."

అన్నీ ఆపేసి ఉన్నా మీటరు ముల్లు దిగడం లేదు. ఏదో కరెంటు తాగేస్తోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. డిక్కీ దీపం ఫ్యూజు పీకగానే ముల్లు సున్నాకు పడింది. మూత వేసి ఉన్నా లోపల దీపం వెలుగుతూనే ఉందన్నమాట.

ఆ వెంటనే డిక్కీలో ఎవరో గోళ్ళతో రేకును గీరసాగారు. ఫ్యూజు పెడితే చప్పుడు ఆగింది. పీకితే మళ్ళీ మొదలైంది.

అక్కకు చిన్నప్పటి నుంచీ చీకటంటే హడలు.

పరుగున వెళ్ళి డిక్కీ తెరిచాడు. లోపల ఎవరూ లేరు. మూత లోపలి వైపంతా గాట్లు, ఎండిన నెత్తురు, ఒక గాటులో విరిగిన గోరు.

"నేను చెయ్యి చేసుకోలేదురా," అన్నాడు బావ, మెల్లగా. "అరిచి అరిచి తనే ఆగిపోయింది."

తమ్ముడు వీల్ స్పానర్‌తో అతని మోకాలిచిప్ప పగలగొట్టాడు. జుట్టు పట్టి ఈడ్చి డిక్కీలో కుక్కి, మూత వేశాడు.

లోపల మళ్ళీ గోళ్ళ చప్పుడు మొదలైంది. ఈసారి అవి గీరుతున్నది రేకును కాదు.