తారీఖు దాటిన బండ

“సామి పటం ముందర పెట్టిన టెంకాయ యాడికి పోయింది?” వంటింట్లోంచి రామలక్ష్మమ్మ కేకేసింది.

“నన్నడిగితే? నేనేమన్నా కోతినా?” అన్నాడు మహానంది, తలమీది రాతిపొడి దులుపుకుంటూ. ఇరవై ఏళ్లుగా బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలోనే అతని పని.

“రేపు శనివారం గుడికి పోదామని పెట్టింటి. కాళ్లొచ్చి నడిచిపోయిందా?”

“ఒక్క టెంకాయకు ఊరంతా ఇనపడేటట్ల అరుస్తాండావు!”

అప్పుడే లోపలికొచ్చిన కూతురు శివజ్యోతి తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది.

“ఈ పొద్దన్నా మంత్రి వచ్చినాడామ్మా?” అన్నాడు మహానంది.

“రాలేదు నాయనా.”

అతను పళ్లు కొరికాడు. శివజ్యోతి రాతిపని నేర్చుకునే శిక్షణ కేంద్రానికి ఇటలీ వాళ్లు రాయి కోసే మిషను పంపి నాలుగు నెలలైంది. నేర్పడానికి ఒక సారు కూడా వచ్చాడు. మంత్రి వచ్చి టెంకాయ కొట్టందే మిషను ముట్టకూడదన్నారు అధికారులు. ప్రారంభోత్సవం మూడుసార్లు వాయిదా పడింది. తారీఖు మారినప్పుడల్లా కొత్త నల్లరాతి శిలాఫలకం చెక్కించి, పాతది గోడకు ఆనించారు. పిల్లలు మాత్రం మిషను మీది ప్లాస్టిక్ పట్ట తుడుస్తూ కూర్చున్నారు.

“ఆ సారు ఎప్పుడు పోతాడు?”

“ఆదివారం.”

“ఇంగ రెండు దినాలు! ఆయప్ప పోయినాక మంత్రి నేర్పిస్తాడా మీకు?”

అన్నానికి కూర్చున్నాక, సంగటి ముద్ద తుంచకుండానే తేల్చేశాడు. “సోమవారం నుంచి ఆడికి పోవద్దు. నాతో ఫ్యాక్టరీకి రా. పట్ట తుడిచేదానికంటే బండలు మోసేదే నయం.”

కూతురు బండలు మోయకూడదనే అతను ఆమెను అక్కడ చేర్చాడు.

శివజ్యోతి సంచిలోంచి టెంకాయ చిప్ప తీసి తల్లి ముందు పెట్టింది.

“ఓసి దొంగా! నువ్వా? యాడ కొట్టినావే?”

ఆమె గుండ్రటి నల్లరాతి బిళ్ల ఒకటి తీసి వేడి గిన్నె కింద పెట్టబోయింది. మహానంది అందుకున్నాడు. అంచు చుట్టూ వేలు తిప్పాడు. ఎక్కడా గరుకు లేదు. తమ ఫ్యాక్టరీలో ఇలా కోసేవాడు లేడు.

“ఎవరు కోసినారు?”

“నేనే నాయనా.”

“రాయి యాడిది?”

ఆమె నవ్వింది. అతను బిళ్లను వెనక్కి తిప్పాడు. చెక్కిన అక్షరాల్లో రెండు మాటలే మిగిలాయి: ‘అమృత హస్తములచే’.