నువ్వుగింజ

“మీవోడిప్పుడు ఎక్కడున్నాడు మావా?” కోటబొమ్మాళి టీకొట్టులో పక్కన కూర్చున్న కొత్త కుర్రాడు అడిగాడు.

‘మావా’ అని పిలిస్తే చాలు, దాలినాయుడికి ఎవరైనా అయినవాడే. సైన్యంలో ఉన్న కొడుకు యూనిట్టూ, సరిహద్దులో వాళ్ల మకామూ, ఎప్పుడు ఎటు కదులుతారో కూడా పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

“ఇంకో మాట. ఆడ్ని మిలట్రీ ఇంటిలిజెన్సులోకి తీసుకుంటన్నారు. ఎవులికీ సెప్పకు!”

కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. “నానూ అక్కడోణ్ణే మావా. తీసుకునే ముందు ఇంటోల్లని సూసి రమ్మన్నారు.”

దాలినాయుడి తల వాలిపోయింది.

నెల తిరక్కుండా కొడుకు ఫోను.

“నన్ను తీసుకోనేదు నాన్నా. మనూరొచ్చి ఎవులైనా ఏటైనా అడిగినారేటి?”

నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా నవ్వే దాలినాయుడు, ఫోను మరో చెవికి మార్చుకుని, “నేదురా” అన్నాడు.