దేవదానం మామ తర్జుమా

"నెల్లూరు తీసెయ్ పాపా. ఎండలెక్కువ," అన్నాడు దేవదానం మామ.

సుకుమారి ఫోనులో దరఖాస్తు జాబితా నుంచి ఆ కాలేజీని తీసేసింది. బీఏ ఇంగ్లీషుకు ఇక రెండే మిగిలాయి. ఉదయగిరి సువార్త సభల్లో బోధించడానికి ఏ తెల్లదొర వచ్చినా, పక్కన నిలబడి ఆయన మాటల్ని తెలుగులో చెప్పేది మామే. అందుకే ఇంట్లో ఇంగ్లీషు సంగతి మామే తేల్చాలి.

"తిరుపతి?"

"దూరం."

"విశాఖపట్నం?"

"దాని పేరే ఎత్తొద్దు. ఆత్మకూరులో బీకాం చదువుకో. ఇంగ్లీషుకు కాలేజీ ఎందుకు? నేను ఏ కాలేజీలో నేర్చుకున్నాను?"

వంటింట్లో అమ్మ అవ్వను ఒక్క ముద్దయినా తినమని బతిమాలుతోంది.

సుకుమారి గొంతు తగ్గించింది. "మామా, మొన్న సభలో ఆ దొర తనకు కడుపు బాగలేదు, తొందరగా ముగిస్తానన్నాడు. నువ్వేమో ఆయన నలభై దినాలు ఉపవాసముండి వచ్చినాడని చెప్పినావు. అది విని అవ్వ కూడా ఆరోజు నించి రాత్రిపూట అన్నం ముట్టడంలా."

మామ వంటింటివైపు చూశాడు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"ఇంకా లేదు."

"విశాఖపట్నం పెట్టు. మంచి కాలేజీ. సభలప్పుడు మాత్రం ఊరికి రావద్దు."

"సరే. ముందు అవ్వ అన్నం తినేటట్టు చెయ్యి."

మామ లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, సభల్లో వాడే గొంతు తీశాడు.

"అమ్మా, దొర ఫోన్ చేసినాడు. ఇంక నిన్ను అన్నం తినమన్నాడు."