కదలని కొంగ

ఓబులేసుకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెబితే చెవులు ఎర్రబడి దొరికిపోతాడు. అందుకే ఈసారి ఆ పని రాతికి అప్పగించాడు.

ఆళ్లగడ్డ దాటాక తుమ్మలకుంట గట్టు మీద రెండు కిలోమీటర్ల నడకదారి ఉంది. దానికి కాపలాదారు ఓబులేసే. చలి వెనకబట్టే వేళకు కుంటలో ఎర్రకాళ్ల కొంగలు దిగేవి. వాటిని చూడ్డానికి నంద్యాల నుంచి జనం దిగేవారు. రెండేళ్లుగా ఒక్క కొంగ కూడా రాలేదు. ఈ ఏడూ రాకపోతే దారి మూసేసి, ఓబులేసును డోన్‌లో మొక్కల నర్సరీకి పంపుతామని పైనుంచి కబురొచ్చింది. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

ఉపాయం చెప్పింది భార్య సరోజమ్మ.

"మా తమ్ముడు ఉండాడు గదా! నందుల్ని చెక్కేటోనికి కొంగ ఒక లెక్కనా?"

తమ్ముడు సుబ్బరాయుడు ఆళ్లగడ్డలో శిల్పి. వారంలో మూడడుగుల రాతికొంగను చెక్కి, రంగులేశాడు. "రేపు తెల్లారేసరికి కుంటలో జమ్ముగడ్డి నడుమ నిలబెడతా. నువ్వు నిమ్మళంగా ఉండు బావా" అన్నాడు.

మర్నాడు ఏడింటికి, కొంగలొచ్చాయో లేదో చూసి తేల్చడానికి అటవీశాఖ కొత్త ఆఫీసరు వర్షిణి జీపులో వచ్చింది. ఓబులేసు ఊళ్లోనే ఆ జీపెక్కాడు. ముందుగా వెళ్లి చూసుకునే వీలు చిక్కలేదు.

శివరాత్రి వెళ్లి నాలుగు రోజులే అయింది. గట్టంతా తూటిపూలు. అవతల మోదుగులు విరగబూశాయి. లకుముకి పిట్ట ఒకటి నీళ్లలోకి దూకి చేపతో లేచింది. వర్షిణి అడుగడుక్కీ ఆగి చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఓబులేసు కళ్లు మాత్రం జమ్ము మీదే ఉన్నాయి.

ఉంది! పసుపు ముక్కు, గులాబీ తోక, ఒంటికాలి మీద! ఒంటికాలి మీద నిలబెట్టడమంటే మాటలా? బామ్మర్ది అంటే బామ్మర్దే అనుకున్నాడు.

"అద్దో మేడం!"

ఆమె బైనాక్యులర్స్ ఎత్తింది. "అబ్బ, ఎంత బాగుందో! కదలదేంటి?"

"చేప కోసం మాటేసింటాది మేడం. గంటైనా కదల్దు." ఓబులేసు చెవులు కందగడ్డలయ్యాయి.

"ఇంకాస్త దగ్గరికి వెళ్దామా?"

"వద్దొద్దు! ఆడంతా బురద. మనిషి దిగబడతాడు."

"అదిగో, రెప్ప వేసింది!"

అంత దూరాన రెప్ప కనబడిందంటే, పాపం, ఎంత ఆశ ఉంటే! ఇంత మంచి మనిషిని మోసం చేస్తున్నానే అని ఓబులేసుకు సిగ్గేసింది. "ఏస్తాది మేడం, ఏస్తాది" అన్నాడు నేల చూస్తూ.

ఆమె ఫోటోలు తీసుకుంది. జీపెక్కుతూ "దారి మూయం ఓబులేసు గారూ. మీరూ ఎక్కడికీ పోనక్కర్లేదు" అంది. అతను చేతులు జోడించాడు.

జీపు అలా మలుపు తిరిగిందో లేదో, ఎదురుగా ఒక ఆటో రొప్పుతూ వచ్చి ఆగింది. సుబ్బరాయుడు దిగాడు. చొక్కా నిండా గ్రీసు మరకలు. ఓబులేసు నవ్వుతూ అతన్ని వాటేసుకోబోయాడు.

"తిట్టాకు బావా, దోవలో టైరు పగిలె" అంటూ సుబ్బరాయుడు ఆటో వెనక గోనెపట్టా ఎత్తి, రాతికొంగను చూపించి అడిగాడు: "దీన్ని ఇప్పుడు యాడ దించాల్ల?"